మూగజీవి నోటిపుండు – దయకు మేర

చిట్యాల ప్రాంతమున ఒక రైతు యింటి కావలికుక్క నోట గడ్డ లేచి, కూడు ముట్టక, చొంగతో నెత్తురు కార్చుచున్నదనుకొందము. దానికి కిరణచికిత్స చేయించుట దయయా, మోహమా?

ఈ చికిత్సలో కుక్క కదలరాదు, చెప్పిన వినదు. కావున ప్రతిమారును పూర్తిగా మత్తు ఇత్తురు. గడ్డను అణచివేయగోరినచో మూడు నాలుగు వారములలో 15 నుండి 20 మార్లు, బాధ తగ్గిన చాలుననుకొన్నచో కొలది మార్లే. నడుమ నోరు పూయును, బొచ్చు రాలును. అమెలోబ్లాస్టోమా యను గడ్డ కిరణములకు చక్కగా లోబడును. మెలనోమా అట్లు కాదు. నోట అణగినను ఊపిరితిత్తులకు ప్రాకుట తరచు.

మనుష్యుడు రేపటి సుఖమునకై నేటి నొప్పికి ఒప్పుకొనును. కుక్కకు ఆ రేపు తెలియదు. దాని పక్షమున ఒప్పుకొనువాడు తన యెడబాటు భయమునే దాని క్షేమమని భ్రమించుట సులభము.

పొగాకు నమలి నోటిపుండు తెచ్చుకొన్న కూలివాని నెత్తుకొని హైదరాబాదు ఎమ్.ఎన్.జె. ఆసుపత్రికి పోవువారుండగా, కుక్కకింత వ్యయమా యని కొందరందురు. ఆ మాట తీసివేయదగినది కాదు. కాయకముచే ఆర్జించిన సొమ్ము దాసోహమునకు గదా! అయినను దాసోహపు పంక్తిలో కుక్కకు చోటు లేదనుటకు, పొరుగున పాలకుర్తిలో పుట్టిన సోమనాథుని బసవపురాణము అడ్డువచ్చును. అందు కుక్క వేదము చదివినది. ఆ కథ కులగర్వమును అణచుటకేనని పండితులందురు, కావచ్చును. గర్వమును అణచుటకైనను ఎన్నుకొన్నది కుక్కనే.

కనుక రైతు ముందుగా ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయించి, రోగము ప్రాకినదో లేదో పశువైద్యుని అడుగవలెను. ప్రాకినచో నొప్పిమందు, మెత్తని జావ, తలవద్ద యజమాని చేయి.