కనబడని బోల్టుకు ప్రమాణం

నిర్మల్ నకాశీ కళాకారుడు పొణికి కర్రతో సీతాఫలం చేస్తే అది ఫలానా చెట్టుకు కాసిన పండు కాదు, సీతాఫలం అనే జాతికంతటికీ గుర్తు. దాని మీద కళ్లు ఎన్నున్నాయని ఎవరూ లెక్కపెట్టరు. అదే చొప్పదండిలో ఒకరు ప్లాస్టిక్ షీటు ముందేసుకుని, 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి నిజాం రాజ్యంలోకి దిగిన భారత సైన్యపు షెర్మన్ ట్యాంకుల్లో ఒకదాన్ని 1:35 కొలతలో చేయబూనితే సంగతి మారిపోతుంది. కిట్టు కొనకుండా ప్రతి ముక్కా సొంతంగా కోసి అతికించే ఈ పనిని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఇక్కడ కావలసింది జాతి కాదు, వ్యక్తి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీలు సుమారు 49 వేల షెర్మన్లను తయారుచేశాయి. కొన్నిటి ఒళ్లు పలకలు వెల్డింగ్ చేసినది, కొన్నిటిది పోతపోసినది. ముందరి మూతి కొన్నిటికి మూడు ముక్కలు బోల్టులతో బిగించినది, కొన్నిటికి ఒకే పోత. పదానికి అర్థం వ్యక్తి, ఆకృతి, జాతి మూడూనని తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చెప్పాయి. షెర్మన్ జాతి పుస్తకాల్లో దొరుకుతుంది, ఆకృతి ఫొటోల్లో దొరుకుతుంది. ఆ రోజు ఆ రోడ్డు మీద నడిచిన ఆ ఒక్క బండి మాత్రం ఎక్కడా దొరకదు. పోయినదాన్ని తెలుసుకునే దారేది? బొమ్మలో అతికించే ప్రతి ముక్కా 'ఇది ఇక్కడ ఉండేది' అని చెప్పే ఒక వాక్యం. వాక్యమన్నాక ప్రమాణం, అంటే అది నిజమని తెలిపే ఆధారం, చూపాలి. చూపలేని ముక్క ఎంత నునుపుగా కుదిరినా అబద్ధమేనని నా వాదన.

కంటితో చూసి తెలుసుకునే ప్రత్యక్షం ఉంది కదా, మ్యూజియంలోనో కంటోన్మెంటు గేటు ముందో నిలబెట్టిన ట్యాంకును కొలుచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కాని అక్కడ కనబడేది ఇవాళ్టి ట్యాంకు. రంగు మీద రంగు వేసి ఉంటారు, మూతలు తెరుచుకోకుండా వెల్డింగ్ చేసి ఉంటారు, పోయిన భాగం చోట ఇంకోదానిది తగిలించి ఉంటారు. కన్ను చూసింది నిజమే, కాని అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఇక అనుమానం, అంటే సందేహం కాదు, కనబడినదాని నుంచి కనబడనిదాన్ని తేల్చుకోవడం. షెర్మన్ చక్రం అడ్డుకొలత 20 అంగుళాలు, అంటే 508 మిల్లీమీటర్లు. 35తో భాగిస్తే పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. పాత ఫొటోలో చక్రాన్నే కొలబద్దగా పెట్టుకుని, పక్కనున్న పెట్టె పొడవు చక్రానికి ఎన్ని రెట్లో చూసి లెక్క తేల్చవచ్చు. తార్కికుడు ఇక్కడే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. నిప్పున్నచోటల్లా పొగ ఉండదు, కట్టె తడిసి ఉంటేనే పొగ. ఆ షరతుకు పేరు ఉపాధి. ఫొటో లెక్కకూ ఉపాధి ఉంది. కొలిచే వస్తువు చక్రమున్న తలంలోనే ఉండాలి. ట్యాంకు పైన తిరిగే టరెట్ అంతకంటే వెనక ఉంటుంది కనుక కెమెరాకు చిన్నదిగా కనబడుతుంది. ఈ షరతు మరిచినవాడి టరెట్ కురచగా వస్తుంది, లెక్క తప్పలేదే అని అతను ఆశ్చర్యపోతాడు.

సైన్యం అచ్చువేసిన మాన్యువల్, నమ్మదగినవారి మాట అయిన ఆప్తవాక్యం లాంటిది. అయినా అది ఫ్యాక్టరీ గేటు దాటేనాటి బండి గురించి చెబుతుందే గాని, వర్క్‌షాపులో మెకానిక్ మార్చినదాని గురించి చెప్పదు. అన్నిటికంటే జారుడు నేల అనుపలబ్ధి, అంటే కనబడకపోవడాన్నే ఆధారంగా తీసుకోవడం. ఫొటోలో బోల్టు కనబడలేదు కనుక బోల్టు లేదనవచ్చా? మీమాంసకులు ఇక్కడ ఒక నియమం పెట్టారు. ఉంటే తప్పక కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే లేదని తేల్చాలి. పట్టపగలు బల్ల మీద కుండ కనబడకపోతే లేదనవచ్చు, చీకటి గదిలో కనబడకపోతే అనరాదు. ఎడమవైపు నుంచి తీసిన ఫొటో కుడివైపుకు చీకటి గదే. నలుపు తెలుపు ఫొటో రంగుకు చీకటి గదే. పాత ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు నల్లగా కనబడేది.

ఇంత సందేహిస్తే ఏ బొమ్మా పూర్తికాదని ఒక ఆక్షేపణ. దానికి మీమాంసకుడైన కుమారిలభట్టు సంప్రదాయంలోనే జవాబుంది. బాధకం, అంటే తప్పని తేల్చే ఆధారం, ఎదురయ్యేదాకా జ్ఞానం దానంతటదే ప్రమాణం. ఇవాళ ఉన్న ఆధారంతో ముక్క అతికించవచ్చు, రేపు కొత్త ఫొటో దొరికితే ఊడదీయడానికి సిద్ధంగా ఉంటే చాలు. బొమ్మ అడుగున ఎవరు చూస్తారని ఇంకో ఆక్షేపణ. చూసేవాడు రేపు ఇంకో బొమ్మ చేసేవాడు. అతనికి మీ బొమ్మే ఆధారమవుతుంది, అతని బొమ్మ మరొకరికి ఆధారమవుతుంది. ఊహగా పుట్టిన బోల్టు మూడో చేతికి చరిత్రవుతుంది. గొర్రెదాటు మొదలయ్యేది ఇక్కడే.

మూడో ఆక్షేపణ బరువైనది. చంపే యంత్రానికి ఇంత శ్రద్ధా, ఆ రోజుల్లో పోయిన మనుషుల లెక్క ఎవరు తీస్తారు అని. ఈ ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు తెలంగాణలో ఎవరికీ లేదు. పోలీస్ యాక్షన్ అని పేరుపడిన ఆ సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. ఆ రోజుల్లోనూ తర్వాతా జరిగిన హింసపై ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. బయటికి రాలేదు కనుక ఏమీ జరగలేదన్న మాట ఎంతోకాలం చెల్లింది. చీకటి గదిలో కుండ లేదనడం సరిగ్గా ఇదే. బోల్టు సరిగా పెట్టినంత మాత్రాన ఎవరూ న్యాయమూర్తులు కారు. కాని 'కనబడలేదు, కనుక లేదు' అనే అలవాటును బోల్టు దగ్గర మానలేనివాడు మనుషుల దగ్గర మానుతాడని నమ్మడం కష్టం.

మెదక్ దగ్గరి కొలిచారం వాడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు రెండే హద్దులు పెట్టుకున్నాడు. మూలం లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు. కాళిదాసు కావ్యానికి సరిపోయిన ఆ హద్దులు పద్నాలుగున్నర మిల్లీమీటర్ల చక్రానికీ సరిపోతాయి. ఆధారమున్నచోట రివెట్లు లెక్కపెట్టి మరీ పెట్టండి. లేనిచోట పలకను నున్నగా వదిలేయండి.