వేడినీటి ఊట – జీవవిచారము

కొండదారిన నడచువానికి రాళ్ల సందున నీరు ఊరుచు కనబడిన, మొదట చేయి ముంచి చూచును. నీరు వెచ్చగా తగిలినచో ఆశ్చర్యము కలుగును. ఆ వెంటనే 'ఇది దేనికి పనికివచ్చును?' అను ఆలోచన పుట్టును. వర్తకునికి ఈ రెండవది కొంచెము త్వరగానే వచ్చును.

రాజగృహ యాత్ర చేసినవారు వైభారగిరి పాదమున ఈ అనుభవము పొందియుందురు. అచ్చటి బ్రహ్మకుండము నీరు సుమారు 45 డిగ్రీల వేడి. వాననీరు రాతి పగుళ్ల గుండా లోతునకు దిగి, భూగర్భపు వేడిమికి కాగి, మరల పైకి వచ్చును. కాచిన నీరే త్రాగు నియమము గల ఇల్లాలు ఆ గట్టున నిలిచి, "ప్రకృతియే కాచి ఇచ్చినది గదా, ఇక పొయ్యి ఏల, కట్టెలేల?" అని అడిగినచో ఏమి చెప్పవలెను?

ప్రశ్న కొత్తది కాదు. వైభారగిరి చెంతనున్న వేడి ఊటను గూర్చి భగవతీ సూత్రములోనే ప్రస్తావన కలదు. ఉష్ణయోని గల జీవులు అచ్చట జలరూపమున పుట్టుచు గతించుచు నుండునని అందు చెప్పబడినది. అనగా పొయ్యిమీద కాగిన నీరు వేరు, పుట్టుకతోనే వేడియైన నీరు వేరు. అది ప్రాసుక జలము కాదు.

అమెరికాలోని యెల్లోస్టోన్‌లో ఇటువంటి ఊటలు వేలకొలది కలవు. 1964లో వానిని చూచిన థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుని దృష్టి వేడినీటి కాలువలలోని రంగులపై నిలిచెను. అవి జీవుల రంగులే. 1966లో అతడును, హడ్సన్ ఫ్రీజ్ అను విద్యార్థియు ఒక ఊటనుండి తెచ్చిన నీటిలో 70 డిగ్రీల వేడియందు చక్కగా పెరుగు సూక్ష్మజీవి దొరికినది. 1969లో దానికి థెర్మస్ అక్వాటికస్ అని పేరిడిరి. దీనితో సూత్రము ఋజువైనదని చెప్పుకొనుట సులభము గాని, అది తొందరపాటు. సూత్రము చెప్పునది నీరే శరీరముగా గల జీవులను గూర్చి. బ్రాక్ చూచినది నీటిలో వసించు జీవిని. రెండింటిని ఒకే పద్దు క్రింద వ్రాయరాదు.

అయినను 'వేడి గనుక నిర్జీవము' అను తీర్మానము మాత్రము నిలువలేదు. అది అంత సులువుగా ఎందుకు తోచినది? కట్టెలు మిగులును గనుక! తక్కెడ ముల్లు తనవైపు వాలినప్పుడు మరల తూచు అంగడివాడు, ధర్మవిషయమున అట్లేల చేయడు?

ఇల్లాలు ఊరకుండదు. "పొయ్యి వెలిగించిన అగ్నికాయ జీవులకు బాధ లేదా? కాచుటలో నీటిజీవులు చావవా?" అనును. ఆమె మాట నిజము. ఏ దారిలోను ఖర్చు లేకపోలేదు. గృహస్థుడు చేయదగినది అవసరమునకు మించి తోడకుండుట, ఆ ఖర్చును దాచక లెక్కలో చూపుకొనుట.

వడగట్టిన గుడ్డను ఏ నీటిదానిని ఆ నీటిలోనే జాడించుట మన పెద్దల పద్ధతి. బ్రాక్ చూచినంత చిన్న జీవి గుడ్డకు చిక్కదు. చిక్కినవానికైనను తమ నీరు తమకు కావలెను. వేడిలో పుట్టినది చన్నీటి బావిలో పెరుగజాలదు. కనుక ఆ ఊట దగ్గర చెంబెడు నీరు పట్టుకొన్న యాత్రికుడు బస చేరువరకు ఆగక, గుడ్డ చల్లారకముందే ఆ ధారలోనే దానిని జాడించి రావలెను.