ఎవరి మాట ఎవరు చెప్పవలెను?

వికలాంగుల పక్షమున మాటలాడవలసినవారు దయాళువులా, వికలాంగులేనా? దయ మంచిదే. కాని దయగలవాడు అలసినపుడు విరమించును. అవసరము గలవాడు విరమింపజాలడు.

అమెరికాలో ప్రభుత్వధనమును పొందు సంస్థలు వికలాంగులయెడ వివక్ష చూపరాదని 1973లో చట్టమైనను, దానిని నడపు నియమములు నాలుగేండ్లు వెలువడలేదు. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో నూరుమందికి పైగా వికలాంగులు ప్రభుత్వ కార్యాలయమున ప్రవేశించి కదలరైరి. టెలిఫోనులు నిలిపివేయగా బధిరులు కిటికీలనుండి చేసైగలతో వార్తలు పంపిరి. ఏప్రిల్ 28న నియమములపై సంతకమయ్యెను. వారికి ముందునిలిచిన జూడిత్ హ్యూమన్, పోలియోవలన చక్రముల కుర్చీ నాశ్రయించిన వనిత. బాల్యమున నొక వేసవి శిబిరములో తోడివికలాంగులతో తమ సంగతులు తామే చర్చించుకొనుట ఆమెకు అలవడెను. నాయకత్వశిక్షణ యనగా నదియే.

మాటలాడలేనివారి గతి యేమందురా? సైగయు మాటయే యని ఆ కిటికీలు చాటినవి.

మన 2016 చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజము, చదువునందలి ప్రత్యేకలోపములు నున్నవి. చట్టము తలుపు తెరచును. లోనికి నడుచు ధైర్యము నీయదు. తడబడు బాలునికి బదులు ఉపాధ్యాయులమైన మేమే జవాబు చెప్పి, ఉపకార మొనర్చితి మనుకొంటిమి. నిజమునకు వాని వంతు మేము హరించితిమి. నేడు ప్రశ్నించి, వాని జవాబునకై కాచుకొనుట నేర్చుకొనుచున్నాము. చదువరులును తమ యిండ్లలో నట్లే కాచుకొందురుగాక!