అవసానమున తోడు

వీరశైవునకు ఇష్టలింగము ఎడబాయని తోడు. దీక్షనాడు గురువు కరస్థలమున ఉంచిన ఆ లింగము నిదురలోను, మెలకువలోను, వ్యాధిలోను, వార్ధక్యములోను దేహమును అంటియే ఉండును. దేహము సమాధిని చేరునాడును వెంట నడచును. ఇట్టి తోడు గలవాడు మంచము పట్టిన వేళ ఒంటరివాడగునా? కాడనియే సిద్ధాంతము చెప్పును. అయినను కడపటి దినములలో ఉన్న వృద్ధుడు మాటిమాటికి వాకిలివంక చూచుచుండుట అనేక గృహములలో కనబడునదే. ఆ చూపు భక్తిలోపమా? మానవుని తోడు కోరుట లింగనిష్ఠకు కొరత యగునా? ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

అవసానకాలమున మనిషిని బాధించు భయములు ముఖ్యముగా రెండు. దేహము విడిచిన పిమ్మట ఏమగునో యను భయము మొదటిది. తన బాధ ఇతరులకు బరువై, అందరును తన్ను విడిచిపోవుదురేమో యను భయము రెండవది. మొదటిదానికి శరణధర్మము స్పష్టమైన సమాధానమిచ్చినది. శరణుడు సతి, లింగము పతి యను భావమున జీవించినవానికి మరణము పరాయిచోటికి పయనము కాదు. పుట్టినింటినుండి మెట్టినింటికి పోవుట. షట్స్థలములలో చివరిది ఐక్యస్థలము. అది నశించుట కాదు, కలియుట. కనుకనే భక్తుని మరణమును లింగైక్యమని వ్యవహరింతురు.

రెండవ భయమునకు మాత్రము సిద్ధాంతవాక్యము చాలదు. దానికి సమాధానము ఇంటివారి నడతయే, ఇరుగుపొరుగువారి నడతయే. బసవేశ్వరుని మార్గమున లింగముతోపాటు జంగమమునకును సమానస్థానము కల్పింపబడుటలోని అంతరార్థము ఇచట బోధపడును. జంగమమనగా చరించునది. విశాలార్థమున చూచినచో, రోగి నోటికి నీరందించు చేయి, నడిరేయి పిలిచిన పలుకు గొంతు నడచివచ్చిన లింగకృపయే. వాకిలివంక చూచు వృద్ధుడు లింగమును మరచి చూచుట లేదు. ఆ లింగము నడచివచ్చు రూపమునకై ఎదురుచూచుచున్నాడు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై ఆమె ఆయనను పసిబిడ్డవలె సాకినది. శివుడు వ్యాధి సోకిన శిశువువలె నటింపగా తల్లడిల్లినది. సర్వేశ్వరునకే తల్లి తోడు కావలెనని తలచిన భక్తి, పక్కగదిలో మూలుగుచున్న తండ్రిని మరచునా? మరచినచో అది భక్తి యగునా?

ఇచట మరియొక వైపరీత్యమును చెప్పవలసియున్నది. శరణులు పంచసూతకములను నిరాకరించిరి. లింగధారికి జననసూతకము లేదు, మరణసూతకము లేదు. అయినను నగరములలో కొందరు ఇండ్లయజమానులు తమ ఇంట చావు సంభవించునేమో యని అద్దెకున్న రోగిని కదలింపజూచుట, చెడునక్షత్రమున ప్రాణము పోయినచో ఇల్లు విడువవలెనని కుటుంబములు బెదరుట తెలుగునాట నేటికిని ఉన్నవే. లింగధారులు సైతము ఈ భయమునకు లోబడినచో సూతకనిరాకరణము నోటిమాటయే యగును. గడప దాటింపబడిన వృద్ధుడు ప్రాణము పోకముందే మరణించును.

బాధ కర్మఫలము గనుక సహింపవలెనే గాని మందుతో తగ్గించుట తగదని కొందరందురు. దేహమును దేవాలయముగా భావించు ధర్మమున ఈ వాదము నిలువదు. నొప్పితో మెలికలు తిరుగువాడు లింగముపై దృష్టి నిలుపజాలడు. ఉపశమన చికిత్స యను వైద్యశాఖ ఈ పనికే ఏర్పడినది. 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయమును స్థాపించిన సిసిలీ సాండర్స్, రోగి బాధ దేహమునకే పరిమితము కాదనియు, మనస్సు, కుటుంబము, ఆత్మ కూడ బాధపడుననియు గుర్తించినది. 1993లో కోళిక్కోడున ఆరంభమైన ఇట్టి సేవ, స్వచ్ఛంద సేవకులు రోగుల యిండ్లకే పోవు ఉద్యమముగా కేరళమున వ్యాపించినది. 1985నాటి మాదకద్రవ్యముల చట్టమువలన దుర్లభమైన మార్ఫిన్ ఔషధమును వైద్యావసరములకు సులభతరము చేయుటకు 2014లో ఆ చట్టము సవరింపబడినది. కడపటి చికిత్స విషయమున తన ఇష్టమును ముందుగానే వ్రాసియుంచు హక్కును 2018లో సుప్రీంకోర్టు అంగీకరించినది. వీనిని తెలిసికొనుట కుటుంబముల విధి.

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు, కాలమునిచ్చుటయు దాసోహమే. ప్రతి మఠము తన పరిధిలో మంచముపట్టినవారెవరో తెలిసికొని, వంతులవారీగా ఒక్కొక్కరిని పంపినచో అది గొప్ప కాయకమగును. పోయినవారు ఉపన్యసింప పనిలేదు. కూర్చుండి వినుట చాలును. ఏమియు కాదని బొంకుట ఓదార్పు కాదు. అడిగినదానికి మృదువుగా నిజము చెప్పుటయే ఓదార్పు. రోగి చేయి వణకి లింగమును పట్టజాలని వేళ, ఆ చేతిక్రింద తమ చేయి చేర్చుట పూజయే.

లింగైక్యుని సమాధిలో కూర్చుండబెట్టి ఎడమ అరచేత ఇష్టలింగమునుంచుట ఆచారము. ఆనాడు ఆ అరచేతిని తెరచువారు, అది వెచ్చగానున్న దినములలోనే దానిని పట్టుకొని కూర్చుండవలెను.