ఏ దేశపు కుందేలు

తెలుగులో మనకు కుందేలు ఒక్కటే. చేలగట్ల మీద చెవులు నిక్కబొడుచుకుని పరిగెత్తేదీ కుందేలే, పెట్ షాపు బోనులో తెల్లగా ముద్దగా కూర్చునేదీ కుందేలే. నిజానికి రెండూ వేర్వేరు జాతులు. బోనులోది స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో బొరియలు తవ్వుకుని బతికిన యూరోపియన్ కుందేలు సంతతి. దాని జబ్బుల మీద జరిగిన పరిశోధనలు కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివేకొద్దీ వైరస్‌ల సంగతి పక్కకు పోయి ఒక్క ప్రశ్న మిగిలింది. ఒక ప్రాణి పడే బాధ విలువ, అది నిలబడ్డ నేలను బట్టి మారుతుందా?

1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి, వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి 24 కుందేళ్లు తెప్పించి ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో తన ఎస్టేట్‌లో వదిలాడు. 1950 నాటికి ఆ దేశంలో కుందేళ్లు 60 కోట్లని అంచనా. మధ్యలో విషం పెట్టారు, బొరియలు తవ్వి పోశారు, పశ్చిమాన వందల మైళ్ల కంచె కట్టారు. ఏదీ ఆగలేదు. చివరికి వైరస్‌ని పిలిచారు.

మిక్సోమా వైరస్ సొంతిల్లు దక్షిణ అమెరికా. అక్కడి అడవి కుందేలుకు అది సోకితే చర్మం మీద చిన్న గడ్డ లేస్తుంది, అంతే. యూరోపియన్ కుందేలుకు మాత్రం మృత్యువే. ఈ సంగతి 1896లో ఉరుగ్వేలో తెలిసింది. సనరెల్లి అనే శాస్త్రవేత్త ల్యాబులో పెంచుతున్న కుందేళ్లు వరసపెట్టి చచ్చిపోవడంతో బయటపడింది. కళ్లు వాచి మూసుకుపోతాయి, చీము కారుతుంది, మొహం ఉబ్బిపోతుంది. పది రోజులో పన్నెండు రోజులో అలా గుడ్డిగా తడుముకుంటూ పోతుంది. 1950లో ఆస్ట్రేలియా ఈ వైరస్‌ని వదిలితే దోమలు మోసుకుపోయాయి. మొదట్లో సోకిన ప్రతి వెయ్యి కుందేళ్లలో బతికింది ఒకటో రెండో.

అదే సమయంలో ముర్రే లోయలో మనుషులకు మెదడువాపు వ్యాధి వచ్చింది. కుందేళ్ల వైరస్ వల్లేనేమోనని జనం హడలిపోయారు. ఫ్రాంక్ ఫెన్నర్, మెక్‌ఫర్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ ముగ్గురూ ఆ వైరస్‌ని తమకే ఎక్కించుకున్నారు. ఏమీ కాలేదు. ఈ ఘట్టం చదివినప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది. మాటలతో సరిపెట్టకుండా ఒంటితో జవాబు చెప్పిన మనుషులు వాళ్లు. కాకపోతే వాళ్లు జవాబిచ్చింది మనుషులు అడిగిన ప్రశ్నకు. రెండో ప్రశ్న అడిగేవాళ్లు ఆ గదిలో లేరు.

ఇక్కడ కుందేలు మీద జాలిపడి ఊరుకోవడం తేలిక. నాకది చాలదనిపిస్తుంది. ముల్గా చెట్ల నేలల్లో హెక్టారుకు ఒక్క కుందేలున్నా మొలకలు పైకి రావు, పాత చెట్లు చచ్చిపోతే వాటి చోటు ఖాళీగా ఉండిపోతుంది. బిల్బీ లాంటి స్థానిక ప్రాణులు తిండికీ బొరియలకూ కుందేళ్లతో పోటీపడాలి. వాటి ఆకలి కూడా బాధే. ఫొటోకి అందని బాధ కాబట్టి మనకు తక్కువగా అనిపిస్తుంది. చంపకుండా ఊరుకోవడం కూడా ఎవరినో చంపడమే అయినప్పుడు, చేతులు దులుపుకుని కూర్చున్నవాడు శుద్ధుడేమీ కాదు.

అయినా ఎక్కడో తేడా కొడుతోంది. ఆ తేడా నాకు స్పష్టంగా కనిపించింది ఆస్ట్రేలియాలో కాదు, ఫ్రాన్స్‌లో. 1952లో అర్మాన్-దెలీల్ అనే పేరున్న వైద్యుడు, మాయిబువాలో తన ఎస్టేట్ చుట్టూ గోడ ఉంది కదా అనుకుని, రెండు కుందేళ్లకు మిక్సోమా ఎక్కించి వదిలాడు. నెలల్లోనే జబ్బు గోడ దాటింది. రెండేళ్లలో ఫ్రాన్స్ అడవి కుందేళ్లలో నూటికి తొంభై పోయాయి. 1953కి ఇంగ్లండ్‌లో కనబడింది, స్పెయిన్‌కీ చేరింది. కోర్టు ఆయనకు 5000 ఫ్రాంకుల జరిమానా వేసింది, తర్వాత ఇంకొకరు బంగారు పతకం ఇచ్చారు. పతకానికి ఒకవైపు ఆయన, రెండోవైపు చచ్చిన కుందేలు! మనవాళ్లు ఎవరి కుందేలుకు వాళ్లు మూడు కాళ్లంటారు. ఇక్కడ ఒకే కుందేలుకు కోర్టు ఒక లెక్క చెప్పింది, పతకం ఇంకో లెక్క చెప్పింది.

తుపాకీ పేల్చినవాడు రేపు మానేయొచ్చు. వైరస్‌ని వదిలినవాడికి ఆ వీలు లేదు. తన తోట గురించి తీసుకున్న నిర్ణయం పక్క దేశపు అడవికి కూడా వర్తించింది, ఆ అడవిని ఎవరూ అడగలేదు. స్పెయిన్‌లో ఐబీరియన్ లింక్స్ తిండి దాదాపు అంతా కుందేలే. మిక్సోమా, దాని వెనకే 1980లలో వచ్చిన ఇంకో రక్తస్రావ వ్యాధి కుందేళ్లను ఊడ్చేశాక, 2000ల మొదట్లో లింక్స్ ఉజ్జాయింపుగా వందకు పడిపోయింది. పుట్టిన నేలలో ఇప్పుడు కుందేలు కూడా అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో ఉంది.

ఇదే జాతి తెల్ల కుందేలు కళ్లలో దశాబ్దాల పాటు షాంపూలూ క్రీములూ వేసి మంట ఎంతో కొలిచారు. మన దేశం 2014లో సౌందర్య సాధనాలకు జంతువుల మీద పరీక్షలు నిషేధించింది. ల్యాబులో కంటి ఎరుపుకి కూడా లెక్క రాసే మనమే, పొలంలో పూర్తిగా గుడ్డిదైన కళ్లకు లెక్క రాయం. ‘పీడ’ అన్న ఒక్క మాట ఆ పుస్తకం మూసేస్తుంది. చంపక తప్పకపోవచ్చు. ఎలా చంపుతున్నామో చూడక్కర్లేదని మాత్రం ఎవరూ రుజువు చెయ్యలేదు.

స్పెయిన్ శాస్త్రవేత్తలు ఒక విచిత్రమైన పని చేశారు. బలహీనపడ్డ మిక్సోమా వైరస్‌లోనే రెండో వ్యాధి తాలూకు ప్రొటీన్ని చేర్చి, కుందేలు నుంచి కుందేలుకి పాకే టీకా తయారుచేశారు. మెనోర్కా పక్కనున్న చిన్న దీవిలో పరీక్షిస్తే, టీకా వేయని కొన్ని కుందేళ్ల రక్తంలోనూ యాంటీబాడీలు కనిపించాయి. అక్కడ ఆయుధం, ఇక్కడ మందు, రెండూ ఒకే వైరస్. అది దీవి దాటి బయట అడవుల్లోకి మాత్రం రాలేదు. ఎప్పుడైనా ఆస్ట్రేలియా చేరితే వాళ్ల డెబ్భై ఏళ్ల పని ఏమవుతుంది? దీవి చుట్టూ ఉన్న సముద్రం, మాయిబువా గోడ ఒక్కటి కావని నమ్మాలని నాకూ ఉంది.

ఈలోపు స్పెయిన్‌లోనే కొన్ని చోట్ల లింక్స్ కోసం కుందేళ్లను తెచ్చి బొరియలు కట్టి మరీ వదులుతున్నారు. ఇంకొన్ని చోట్ల హైవే కట్టల్లో, రైలు కట్టల్లో కాపురం పెట్టిన కుందేళ్లు గోధుమ చేలూ ద్రాక్షతోటలూ కొరికేస్తుంటే, చంపడానికి అనుమతి ఇవ్వమని రైతులు ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకుంటున్నారు.