కోట యెవరిది?

భద్రాద్రిరాముని సేవింపబోవు యాత్రికులలో పలువురు ఖమ్మములో ఆగి, స్తంభాద్రి నరసింహస్వామిని దర్శించి, పిదప అడవిదారిని గోదావరీతీరమునకు సాగుదురు. ఆ పట్టణమునకు ఖమ్మమను పేరు స్తంభాద్రినుండియే కలిగినదని పెద్దలు చెప్పుదురు. స్వామిదర్శనమైన పిదప కొందరు అచటి పాతకోటను గూడ ఎక్కి చూతురు. కాకతీయుల కాలమునుండి పేరుగన్న యీ దుర్గము 16వ శతాబ్దమున షితాబుఖానుడను సీతాపతి యేలుబడిలో నుండి, అనంతరము గోల్కొండ కుతుబ్‌షాహీలకును, ఆపై అసఫ్‌జాహీలకును వశమైనది. నేడు బురుజులు కూలినవి, మెట్లు అరిగినవి, కావలివారు నిలిచినచోట గడ్డి మొలచినది.

అది చూచిన యాత్రికుడు నిట్టూర్చి, “ఎంతటి రాజులు పోలేదు! ఇదంతయు మిథ్య” అనును. పురాణ వైరాగ్యము, ప్రసూతి వైరాగ్యము, శ్మశాన వైరాగ్యము అని మన పెద్దలు మూడింటిని లెక్కించిరి. కోటను చూచినపుడు కలుగునదియు వాని తోబుట్టువే. కొండ దిగి యిల్లు చేరునప్పటికి అది కరగిపోవును. అన్నదమ్ములతో జానెడు సరిహద్దుగోడకై తగవు మరల మొదలగును.

ఇంతకును ఆ నిట్టూర్పులోని మాట సరియైనదేనా? భగవద్రామానుజుల సిద్ధాంతమున జగత్తు మిథ్య కాదు. అది సత్యము, భగవంతునికి శరీరము. కోట కట్టిన రాయి సత్యము, దానిని మోసిన కూలివాని చెమట సత్యము, దాని నీడన బ్రదికిన ప్రజల ప్రాణములు సత్యములు. ప్రజారక్షణకై దుర్గము నిర్మించుట రాజధర్మమేగాని దోషము కాదు. కూలిన గోడ అసత్యమని తేల్చినది కోటను గాదు. “ఇది నాది” యన్న మాటను. హిరణ్యకశిపుడు మోదిన స్తంభము పరులది కాదు, తన సభలోనిదే. తనదని నమ్మిన ఆ కంబములోనుండియే దాని నిజమైన యజమాని వెలువడెను.

ఈ తలపుతో కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సాగు యాత్రికునికి దారి పొడుగునను టేకు, ఇప్ప, తునికి చెట్లు కనిపించును. అడవి దాటి గోదావరి చేరగనే భద్రగిరి దర్శనమిచ్చును. ఆ కొండపై మొదట రాతిగుడి లేదు. పోకల దమ్మక్క యను కోయభక్తురాలు స్వామిమూర్తులను కనుగొని, పందిరి వేసి, అడవిలో దొరకిన పండ్లు నివేదించినదని స్థలపురాణము. ఖమ్మముకోట నల్లరాతిది, దమ్మక్క పందిరి నాలుగు వానలకు నిలువనిది. అయినను కోటను ఎత్తి నిలుపువారు లేకపోయిరి. పందిరిని నిలుపుటకు నేలకొండపల్లి కంచెర్ల గోపన్న వచ్చెను. దమ్మక్క “నాది” యనలేదు గనుకనే గోపన్న చేతికి అది అందినది.

గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా వసూలు చేసిన ప్రభుత్వధనముతో ఆలయము కట్టించెను. అది దొరసొమ్మన్న సంగతిని భక్తసంప్రదాయము దాచలేదు. భక్తి గలవాడు గనుక అప్పు లేదని చెప్పలేదు. రామలక్ష్మణులే సేవకుల వేషమున వచ్చి పైకము చెల్లించిరని చెప్పినది. దేవునికొరకు చేసినను ఋణము ఋణమే. అది తీరువరకు గోపన్న గోల్కొండ చెరలో నుండవలసివచ్చెను. ధర్మకార్యము చేయువారు మరువరాని సంగతి యిది.

ఇక అతనిని చెరనుంచిన అబుల్ హసన్ తానీషా మాట. ఎనిమిది నెలలు ముట్టడించినను ఔరంగజేబునకు లొంగని గోల్కొండ, 1687లో లోపలివాడే తలుపు తెరచుటచే పట్టుబడెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అచటనే కడతేరెను. చెరసాల గల రాజునకు చివరకు చెరసాలయే మిగిలెను. కాని శ్రీరామనవమినాడు సీతారామ కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము అతనితోనే మొదలైనదని ప్రతీతి. ఆ తలంబ్రాలు నేటికిని ప్రభుత్వము పక్షమున వచ్చుచునే యున్నవి. ఏలికలు మారిరి, రాష్ట్రములు మారినవి, ఆచారము మారలేదు. అతడు తనకై కాచుకొన్న కోట పోయినది. స్వామికిచ్చిన గుప్పెడు ముత్యములు నిలిచినవి.

ఇట్లని గుడిశిలలు కోటశిలలకంటె గట్టివని గర్వింపరాదు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలమువద్ద 75.6 అడుగుల యెత్తునకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పొంగెను. నిత్యారాధన లేక పాడుపడిన ఆలయములు తెలుగునేలపై ఎన్నియో కలవు. నిలుపునది శిల గాదు, కైంకర్యము. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అందుచున్నంతవరకే గుడి గుడిగా నుండును. దాతపేరు చెక్కిన ఫలకముపై చూపు నిలిచి స్వామిని మరచినచో ఆ గుడియును ఒక కోటయే.

రాత్రి ఏకాంతసేవయైన పిదప అర్చకుడు తలుపులు మూసి తాళము వేయును. తెల్లవారువరకు గుడిని కాచుబాధ్యత అతనిది. అయినను గుడి తనదనుకొనడు. వేకువనే స్వామి మేల్కొను వేళకు తలుపు తీయవలెనను ధ్యాసయే అతనికుండును. గృహస్థుడును తన యింటి తాళపుచెవిని అట్లే పట్టుకొనవలెను. ఇల్లు విడువనక్కరలేదు, పొలము విడువనక్కరలేదు. శేషియైన శ్రీమన్నారాయణుని సొత్తునకు తాను కావలివాడనని యెఱిగిన చాలును. అట్టి యెఱుక గలవాడు సరిహద్దుగోడ యొద్ద జానెడు వెనుకకు జరుగుటకు వెనుకాడడు.