పుచ్చుకున్నప్పుడే దానం

మా చీరాల కోర్టుకు దానపట్టా దావా వచ్చిందంటే వాదన తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరుతుంది. ఇచ్చినవాడు ఇచ్చాడు, సరే. పుచ్చుకోవలసినవాడు పుచ్చుకున్నాడా? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 122వ సెక్షన్ ప్రకారం దాత బతికుండగానే గ్రహీత దానాన్ని స్వీకరించాలి. స్వీకరించకముందే గ్రహీత పోతే ఆ దానం చెల్లదు.

పర్చూరు వైపు కేసొకటి నాకు బాగా గుర్తు. తండ్రి కూతురికి పసుపుకుంకుమ కింద నల్లరేగడి చేను రాసిచ్చి రిజిస్టరు చేయించాడు. పట్టా మాత్రం పుట్టింటి బీరువాలోనే ఉండిపోయింది. శిస్తు అన్నదమ్ములే కట్టుకుంటూ వచ్చారు. తండ్రి పోయాక ఆమె తన చేను అడిగితే, నువ్వెప్పుడు పుచ్చుకున్నావన్నారు. ఆమె బోనెక్కి చెప్పింది. ఏటా కోతలయ్యాక ఆ చేని కల్లంలోంచే నాన్న ఒక బస్తా ఎండుమిరపకాయలు పంపేవాడు, తొడిమలు తీసి ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునేదాన్ని అంది. పత్తి వేసిన ఏడు పత్తి పంపాడు, దాంతో కుట్టించిన పరుపు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది అంది. స్వీకారానికి ఆ కారమే సాక్ష్యమయింది.

ఇది ఇంగ్లీషు చట్టంతో మొదలైన ఆలోచన కాదు. కల్యాణి చాళుక్యుల కాలంలో యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు స్వీకారం మూడు రకాలన్నాడు: మనసుతో, మాటతో, శరీరంతో. బట్టలూ బంగారమూ అయితే చేత్తో అందుకోవచ్చు. భూమిని చేత్తో అందుకోలేం కదా. దాని ఫలాన్ని కొంచెమైనా అనుభవించినప్పుడే స్వీకారం పూర్తయినట్టు అని తేల్చాడు. తిక్కనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతన మితాక్షరను 13వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. బెంగాలు నుంచి జీమూతవాహనుడు ఈ స్వీకార వాదానికి ఎదురు వాదించాడు. దాత వదులుకున్న క్షణంలోనే అవతలివాడికి స్వామ్యం పుడుతుందనీ, పుచ్చుకోవడం వల్లనే పుడితే పుచ్చుకున్నవాడే దాత అయిపోతాడనీ అన్నాడు. గట్టి తర్కం. ఆయన గ్రంథాన్ని కోల్‌బ్రూక్ 1810లో ఇంగ్లీషు చేసి కలకత్తాలో అచ్చు వేయించిన పుస్తకంలో ఈ వాదన మొదటి అధ్యాయంలోనే ఉంది. దాన్ని నేను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, కాళ్లు చాపుకుని, ఫోనులో చదివాను.

అలా చదువుతుండగానే పట్టుకుంది ఈ ప్రశ్న. ఈ దేశం తన పుస్తకాలను మనకు ఇచ్చిందా, ఇంకా ఇవ్వలేదా?

ఇచ్చిందనడానికి కావలసినంత ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలు కంప్యూటరుకెక్కించాలని తలపెట్టిన పనిలో భాగంగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆసరాతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. వేల తెలుగు పుస్తకాలు అందులోకి చేరాయి. ఆ సైటు ఆగిపోయినా పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికి ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018లో జాతికి అంకితం చేశారు. 2019లో కేంద్ర సాంస్కృతిక శాఖ ఇండియన్ కల్చర్ పోర్టల్ తెరిచింది. అన్నీ ఉచితం. జీమూతవాహనుడి లెక్కన దానం పూర్తయింది.

నేను విజ్ఞానేశ్వరుడి పక్షం. మా ప్రాంతపు రైతు ఆ సైట్లలో తన ఊరి సంగతి వెతకబోతే ఏమవుతుంది? తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, అచ్చులు రెట్టించి, ఎవరికీ అలవాటు లేని వర్ణక్రమంలో ఎక్కించి ఉంటుంది. తెలుగులో కొడితే అది దొరకదు. ఒక్కోసారి ఒక పుస్తకం పేరు కింద మరో పుస్తకం తెరుచుకుంటుంది. పట్టా బీరువాలో ఉంది, చేను ఎక్కడుందో కూతురికి ఎవరూ చూపించలేదు.

మా పెద్దవాళ్లు పుస్తకాన్ని ఇచ్చిన పద్ధతి వేరు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు పెట్టించి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పించారు. రేవులో పడవ ఆగేది, జనం దిగివచ్చి పుస్తకం తీసుకునేవాళ్లు. హేమాద్రి దానఖండంలో విద్యాదాన విధి చూడండి. గ్రంథం రాయించి ఇచ్చేయడంతో అయిపోదు, చదివి వినిపించే ఏర్పాటు కూడా ఆ దానంలో భాగమే. ఋషిఋణం సంగతీ అంతే. గ్రంథాలను దాచిపెడితే ఆ అప్పు తీరదు, అధ్యయనం చేస్తేనే తీరుతుంది. స్కానింగు యంత్రం దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి పుటలు తిప్పిన ఉద్యోగులకు చేతులెత్తి మొక్కుతాను. వాళ్లు దాత పని చేశారు. మిగిలింది మన పని.

దానికి గడువు కూడా ఉంది. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా సేకరించిన కైఫీయతులనే, అంటే ఊళ్ల చరిత్రలనే, తీసుకోండి. ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చాడు, చెరువు ఎవరు తవ్వించారు, అన్నీ అందులో ఉంటాయి. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నవాటిలో మా జిల్లావి కొన్ని అచ్చయ్యాయి. కరణాల గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు, ఊరి పాత గుర్తులు చెప్పగలిగినవాళ్లు ఇంకా కొందరున్నారు. చట్టం దాత బతికుండగానే అన్న మాట నాకు ఇక్కడ గుచ్చుకుంటుంది.

పోయిన మాఘంలో మార్టూరు దగ్గర ఓ ఊళ్లో ఆ ఊరి కైఫీయతు కాగితం మీద తీసుకెళ్లి రామాలయం అరుగు మీద చదివాను. మిరప కోతల రోజులు, చీకటి పడ్డాక గానీ జనం చేరలేదు. చెరువు మాట రాగానే ఓ పెద్దాయన ఆపాడు.

"ఉత్తరాన అని రాశారా ప్లీడరు గారూ? మా తాత ఎడ్లు కడిగిన చెరువు తూర్పునుండేది. ఉత్తరాన ఉన్నది వేరే కుంట. అది పూడ్చేసి ఇళ్లస్థలాలిచ్చారు."

రెండూ ఉండేవని ఇంకొకాయన అన్నాడు. పెద్ద వాదనే అయింది. దేవుడి మాన్యం చేను ఇప్పుడు ఎవరి సాగులో ఉందో కూడా ఆ వాదనలోనే బయటపడింది, అందరూ కాసేపు మాట్లాడలేదు. నేను చూసినంతలో ఫలాన్ని అనుభవించడమంటే ఇదే. గ్రంథం ఊళ్లోకి వచ్చింది, ఊరు దాన్ని దిద్దింది, దాని వల్ల కొంచెం ఇబ్బంది కూడా పడింది.

ఇంటరు చదివే పిల్ల ఒకతి పుటలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుని, వాళ్లమ్మ పుట్టిన ఊరిది కూడా ఉందా అని అడిగింది. జాబితాలో ఆ ఊరు పాత పేరుతో ఉండి ఉండవచ్చునన్నాను. ఆ పాత పేరేమిటో అమ్మమ్మను అడిగి రమ్మన్నాను.